పదమూడు లీటర్ల పెట్టె

ఫిబ్రవరి 6

చిన్నోడా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "పనిలో ఉన్నానక్కా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ ఇంతవరకూ రాలేదు. ఉత్తరమైతే మధ్యలో కట్ చెయ్యలేవు కదా, అందుకే నీ షాపు అడ్రసుకి రాస్తున్నాను. చేతులకి జిగురుంటే తుడుచుకుని చదువు.

ఇక్కడ మేం ఉన్నాం. అమ్మ మోకాళ్ళు ఎప్పట్లాగే. నాన్న పోయిన ఈ ఏడు నెలల్లో మారిందల్లా ఒకటే, అమ్మ ఇంట్లో ఉండటం లేదు. పొద్దున్నే నాతో పాటు కారెక్కేస్తోంది. నా ఉద్యోగం తెలుసుగా, ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసి ల్యాబుకి చేర్చడం. నేను లోపలికెళ్ళి సూది గుచ్చి వచ్చేదాకా ఆవిడ ముందు సీట్లో కూర్చుని దారిన పోయేవాళ్ళ నడకలకి వంకలు పెడుతూ ఉంటుంది. ఇంట్లో తోచదట.

అసలు సంగతికొస్తాను. నా కారులో స్పీకర్లు బొత్తిగా బాగాలేవు. ఏది పెట్టినా రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టుంది. లోతు లేదు. సబ్‌వూఫర్ పెడితే లోతు వస్తుందని ల్యాబులో డ్రైవరొకాయన అన్నాడు. ఎంత సైజుది కొనాలి? దాని పెట్టె ఎక్కడ పట్టించాలి? కారు నీకు తెలిసిందే, అగ్గిపెట్టె. డిక్కీలో రక్తం సీసాల ఐస్‌బాక్సు, నా బ్యాగు, అమ్మ వాకరు. స్టెప్నీ తీసెయ్యమనకు, నేను తిరిగే సందుల్లో వారానికో పంక్చరు.

తీరిగ్గా రాయి. కానీ రాయి.

మీ అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

కవరు మీద నీ చేతిరాత చూశాను. చెడ్డ కబురేమోనని ముందు చివరి పేరా చదివాను. చూస్తే స్టెప్నీ, పంక్చరు, సబ్‌వూఫర్! పెళ్ళిళ్ళలో స్పీకరు పక్కన కుర్చీ వేస్తే చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునే మా అక్కేనా ఇది? ఉత్తరాన్ని షాపు గోడకి అంటించాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను.

చోటు లేదని దిగులు పడకు. చోటు లేని కార్లే నాకిష్టం. పెద్ద కారులో ఎవడైనా పెడతాడు. ఒక మాట చెప్తా, బుర్రలో పెట్టుకో. సబ్‌వూఫర్ అంటే అందరూ స్పీకరు సైజు అడుగుతారు. సగం ప్రాణం పెట్టెలో ఉంటుంది. లోపల బంధించిన గాలే దానికి స్ప్రింగు. పెట్టె మరీ చిన్నదైతే ఊపిరాడక మూలుగుతుంది, మరీ పెద్దదైతే వదులుగా ఊగుతుంది. ఏ స్పీకరుకి ఎన్ని లీటర్ల గాలి కావాలో లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే ఎంత మంచి స్పీకరైనా దండగే.

పెట్టెల్లో రెండు రకాలు. గొట్టం పెట్టినది ఒకటి, గుద్దితే వీపు అదురుతుంది, చోటు బాగా తింటుంది. అంతా మూసేసినది రెండోది. చిన్నది. ఎక్కువ చెయ్యదు, తక్కువ చెయ్యదు, లోపల ఉన్నది ఉన్నట్టు చెప్తుంది. నీ కారుకి రెండోదే.

ఎక్కడ పెట్టాలంటే: సీటు కింద దూరే పలకలాంటివి ఉన్నాయి. సుఖమే గానీ లోతు అంతంతమాత్రం. స్టెప్నీ గుంతలో పట్టేవి ఉన్నాయి, నువ్వు వద్దన్నావు. డిక్కీలో ఎడం పక్క చక్రం గూడు వెనక ఒక మూల ఊరికే పోతూ ఉంటుంది. ఆ మూల ఆకారానికే పెట్టె చేస్తే ఐస్‌బాక్సు ఒక్క అంగుళం కూడా జరగదు. టేపు తీసుకుని ఆ మూల పొడవు, లోతు, కింద వెడల్పు, పైన వెడల్పు కొలిచి పంపు. సీటు కింద ఎత్తు కూడా. అది మాత్రం అమ్మ కూర్చున్నాక కొలువు, ఆవిడ బరువుకి సీటు దిగుతుంది. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించకు.

ఇంతకీ ఏం పాటలు వింటావు? దాన్నిబట్టే స్పీకరు.

నీ తమ్ముడు


మార్చి 1

చిన్నోడా,

చదివి వినిపించాను. "వాడు పుట్టినప్పుడు నాలుగు కిలోలున్నాడు, అప్పుడు దిగింది నా సీటు" అంది. చాలా రోజులకి నవ్వింది.

కొలతలు వేరే కాగితం మీద రాశాను. సీటు కింద అమ్మ కూర్చుంటే పన్నెండు సెంటీమీటర్లు, పైగా ఏవో వైర్లు అడ్డం. మూల మాత్రం నువ్వన్నట్టే ఖాళీ. డిక్కీలో తల దూర్చి కొలుస్తుంటే రోడ్డు మీద పోయే ఒకాయన ఆగి, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు.

పాటలు కాదురా. గోడకి అంటించావని తెలిసి సిగ్గేసింది, కానీ నీకు చెప్పకపోతే పని కాదు. నాన్న గొంతు కోసం.

రిటైరయ్యాక నాన్న చూపులేని పిల్లల లైబ్రరీకి పాఠాలు చదివి రికార్డు చేసేవారని నీకు తెలుసో లేదో. అప్పటికే మీ ఇద్దరికీ మాటల్లేవు. లైబ్రరీవాళ్ళు మంచి మైకు ఇచ్చారు. రోడ్డు వైపు గదిలో కిటికీలు మూసుకుని, బస్టాండులో ముప్పై ఏళ్ళు ఏ గొంతుతో బస్సుల వేళలు చెప్పారో ఆ గొంతుతోనే సైన్సూ సోషలూ చదివేవారు. పోయినప్పుడు లైబ్రరీవాళ్ళొచ్చి అన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసిచ్చారు. ఫోన్లో పెడితే అమ్మ, "ఎవరిదే ఇది, ఆయనది కాదు" అంది. కారులో పెట్టాను. కాస్త నయం, కానీ ఛాతీ లేదు. గొంతు ఉంది, మనిషి లేడు. ఆ లోతు కావాలి నాకు.

ఇంకొకటి ఉంది. అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చివరి రికార్డింగు నాన్న పోయిన రోజుదే. ఇనుము ఎలా కరిగిస్తారో ఆ పాఠం. గొంతులో బలం లేదు, మాటమాటకీ ఆగుతున్నారు. మధ్యలో ఉన్నట్టుండి చదవడం ఆపేసి, "వచ్చాడు" అన్నారు. అంతే. కాసేపు ఏం లేదు. తర్వాత ఆ పేజీ అంతా ఎంత గొప్పగా చదివారనుకున్నావు! ఖంగుమని, బస్టాండు కప్పు అదిరేలా, జబ్బు మనిషి చదువుతున్నట్టే లేదు. పేజీ చివర, వాక్యం మధ్యలో మళ్ళీ ఆగారు. "సరే" అన్నారు. టక్కుమని మైకు కట్టేసిన చప్పుడు. అమ్మ పెరట్లో నుంచి వచ్చేసరికి "కాసేపు పడుకుంటా" అన్నారట. సాయంత్రం నేనొచ్చి లేపితే లేవలేదు.

ఆ రోజు మా ఇంటికి ఎవరూ రాలేదు. పక్కింటావిడని అడిగాను, పాలతన్ని అడిగాను. అమ్మకి ఆ మాట వినిపించి తప్పు చేశాను. అప్పట్నుంచీ ఆ గదికి తాళం. తోచక కాదు, భయంతో కారెక్కుతోంది. "ఎవరే వచ్చింది? తీసుకుపోతానంటే సరే అన్నాడా మీ నాన్న?" అని అడుగుతుంది. పట్టపగలు, సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు. నాకు వెనక సీటు వైపు చూడాలంటే మెడ తిరగదు.

వెనకాల ఏదో ధ్వని ఉందని లైబ్రరీవాళ్ళు ఆ పాఠం పిల్లలకి వాడుకోలేదట. నాకైతే ఏం వినపడలేదు.

కొలతలు అందగానే రాయి.

అక్క


మార్చి 21

అక్కకి,

కొలతలు అందాయి. ఆలస్యమైంది, షాపులో పని.

ఆలోచించాను. నీకు సబ్‌వూఫర్ అవసరం లేదు. మనిషి గొంతుకి అంత కింది ధ్వని అక్కర్లేదు. ముందు తలుపుల్లో స్పీకర్లు మార్చుకో, తలుపు రేకు అదరకుండా లోపల అతుకు షీటు వేయించు, చాలు. అక్కడే ఎవరైనా చేస్తారు. పెట్టె పెడితే అనవసరంగా చోటు పోతుంది, బ్యాటరీ మీద భారం. ఒకవేళ ఎవరి మాటైనా విని పెట్టించుకున్నా, కింది ధ్వనులన్నీ కోసేసే మీట ఒకటుంటుంది, దాన్ని ఎనభై దాకా తిప్పించుకో. లేకపోతే రోడ్డు చప్పుడంతా గొంతులో కలుస్తుంది.

ఆ చివరి పాఠం అమ్మకి మళ్ళీ వినిపించకు. నువ్వూ వినకు. మందులు వాడుతున్న మనిషి ఏదో అంటాడు. మిగతా పాఠాలు బోలెడు ఉన్నాయి కదా, అవి వినండి. వీలైతే ఆ ఒక్కటీ తీసెయ్.

ఆరోగ్యం జాగ్రత్త.

తమ్ముడు


ఏప్రిల్ 8

నీకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి ఉత్తరం రాసినవాడూ ఇది రాసినవాడూ ఒకడేనా? పాటలకైతే పెట్టె, స్పీకరు, లీటర్ల లెక్క, అక్క మీద జోకులు. నాన్న కోసం అనేసరికి అతుకు షీటు!

నేను ఊరుకోలేదు. మా ఊళ్ళో కళ్ళజోడు మేస్త్రి అని ఒకాయన ఉన్నాడు, కారు వైరింగు చేస్తాడు. ఒక పెట్టె రెండు రోజులు వాడి చూడమని ఇచ్చాడు. గొట్టం ఉన్నది. డిక్కీ నిండిపోయింది, ఐస్‌బాక్సు అమ్మ ఒళ్ళో. నాన్న బావిలో దిగి మాట్లాడుతున్నట్టుంది, నంబరు ప్లేటు గజగజలాడింది. తిరిగి ఇచ్చేశాను. అప్పుడు నీ కాగితం చూపించాను. ఆ మీట సంగతి చదివి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నవ్వాడు. "అమ్మా, కింది ధ్వని కోసం పెట్టె కొని, కింది ధ్వని రాకుండా కట్టెయ్యమంటున్నాడు మీ తమ్ముడు. మంచినీళ్ళ కోసం బోరు వేయించి మూత బిగించినట్టు" అన్నాడు. పరువు పోయింది. నా తమ్ముడికి ఈ పని తెలుసని ఊరంతా చెప్పుకున్నదాన్ని.

నీకు పని రాక కాదు. నాన్న అంటే ఇంకా కోపం. ఆయన తెచ్చిన ఉద్యోగం వదిలేసి ఆ షాపు పెట్టినందుకు, "నేను గొంతు మీద బతికాను, వీడు చప్పుడు మీద బతుకుతాడట" అన్నారు. నిజమే, అనకుండా ఉండాల్సింది. అందుకు పోయిన మనిషి మీద కూడా పట్టుదలేనా? ఆ రోజు పొద్దున ఫోన్ చేసి, ఈసారి నిజంగా బాగాలేదు, రారా అని ఏడ్చాను. బయల్దేరానన్నావు. మధ్యాహ్నం ఫోన్ చేసి టైరు పగిలింది, రాలేనన్నావు. టైరు! నేను నోరు మూసుకున్నాను. తొమ్మిది నెలలు మూసుకున్నాను.

ఇక అమ్మ సంగతి. పోయిన మంగళవారం నేను ఒక ముసలాయన రక్తం తీసి బయటికొచ్చేసరికి కారులో లేదు. వాకరు కూడా లేకుండా వీధి మధ్యలో నిలబడి, ఖాళీ వీధిని చూస్తూ అరుస్తోంది. "ఎవడ్రా నువ్వు? నన్ను కూడా పిలవరా, మొహం చూపించు!" అని. చుట్టూ ఇళ్ళల్లోంచి జనం. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఇల్లు ఖాళీ చేద్దాం అంటోంది. తిండి సగమైంది. డాక్టరు నిద్రమాత్ర రాశాడు. మాత్ర వేసుకుంటే వాడొచ్చినా తెలీదని వేసుకోవడం లేదు.

నువ్వు రాకపోయినా పర్లేదు. జవాబు అక్కర్లేదు.

అక్క


మే 2

అక్కా,

ట్రాన్స్‌పోర్టులో ఒక అట్టపెట్టె వస్తుంది. ఈ ఉత్తరం దాని లోపలే పెడుతున్నాను. ముందు ఇది చదువు. తర్వాతే మేస్త్రిని పిలు.

లోపలున్నది నీ కారు ఎడం మూలకి చేసిన మూసిన పెట్టె. పదమూడు లీటర్లు. మొదటిది పగలగొట్టేశాను, ఒక అంచు దగ్గర గాలి కారుతోంది. ఇది రెండోది. ఎనిమిదంగుళాల స్పీకరు, లోతు తక్కువది, గొంతుకి సరిగ్గా పలికేది. యాంప్లిఫయరు చిన్నది, వెనక సీటు వీపుకి బిగించుకోవచ్చు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు తప్పకుండా వేయించు. కింది ధ్వని కోసే మీట సున్నాలో పెట్టాను, ఎవర్నీ ముట్టుకోనివ్వకు. పోయినసారి నేను రాసింది తప్పు. తెలిసే రాశాను.

టైరు పగల్లేదు.

అంతకు రెండేళ్ళ ముందు కూడా నువ్విలాగే పిలిచావు, నాన్నకి బాగాలేదని. గుర్తుందా? పరుగున వస్తే ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మమ్మల్ని కలపాలని నువ్వాడిన అబద్ధం. ఇద్దరం ఒక గంట గోడలు చూసుకుంటూ కూర్చున్నాం, నేనొచ్చేశాను. అందుకని ఈసారి కూడా దారంతా అదే అనుమానం. నాలుగు గంటల దారి. మన వీధి మలుపు తిరిగేసరికి ధైర్యం చాలక పాట పెద్దది చేశాను. అప్పుడు నా డిక్కీలో రెండు పన్నెండంగుళాలవి ఉండేవి. ఇంటి ముందు ఆపి, పాట కట్టేసి, దిగాను. గేటు మీద చెయ్యి వేశాను.

లోపల నుంచి నాన్న గొంతు. మూసిన కిటికీలోంచి కూడా ఖంగుమంటోంది. కొలిమి, బొగ్గు, ఇనుము అని పాఠం చదువుతున్నారు. జబ్బు మనిషా అది? మళ్ళీ అబద్ధమే అనుకున్నాను. నీ మీద కోపమొచ్చింది, ఒట్టు. ఆ కిటికీ కింద నిలబడి పేజీ అంతా విన్నాను. ఎందుకు విన్నానంటే, బాగుంది కాబట్టి. తర్వాత కారెక్కి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం టైరు కథ చెప్పి, దారిలో ఒక లాడ్జిలో గది తీసుకుని పడుకున్నాను. సాయంత్రం నీ ఫోన్ వచ్చినప్పుడు అక్కడే ఉన్నాను. నాలుగు గంటల దారి నేను గంటలో ఎలా వచ్చానో ఏడుపుల్లో ఎవరూ అడగలేదు.

ఇంతవరకే అయితే మోసేవాణ్ణేమో. ఆయన నన్ను విన్నారని నాకు తెలీదక్కా. నీ మార్చి ఉత్తరం చదివేదాకా తెలీదు. ఎత్తు ధ్వని కిటికీ దగ్గర ఆగిపోతుంది, కింది ధ్వని గోడల్లోంచి పోతుంది. ఇరవై ఏళ్ళుగా కస్టమర్లకి నేనే చెప్తాను ఈ ముక్క. మూడు వీధుల అవతలుండగానే నా కారు గుర్తుపట్టేవారు, "అదుగో, గుద్దుకుంటూ వస్తున్నాడు" అని విసుక్కునేవారు. ఆ రోజూ గుర్తుపట్టారు. నేను దిగి కిటికీ కింద ఉన్నానని తెలిసే ఆ పేజీ అలా చదివారు. నేను వింటున్నానని. లైబ్రరీవాళ్ళకి వినిపించిన ధ్వని నేనే.

నా కారులోవి రెండూ ఆ వారమే పీకేశాను. రేడియో కూడా లేదు. అయినా షాపులో ఏ బండి పరీక్షించినా, అడుగున కొలిమి పాఠం వినిపిస్తుంది. వింటున్నానో, విన్నాననుకుంటున్నానో తెలీదు. పనివాళ్ళని అడగలేను.

అమ్మ ఎవరికి భయపడుతోందో వాణ్ణి నేనే. చెప్పాలో వద్దో నీ ఇష్టం. నా నోటితో చెప్పలేక పెట్టె పంపుతున్నాను.

తమ్ముడు


మే 9

అక్కా,

ఆ పెట్టె ఇంకా బిగించకపోతే బిగించకు. పంపినప్పట్నుంచీ అన్నం దిగట్లేదు. దాన్ని చెత్తలో పడేసి, ఉత్తరం చించేసి, అమ్మకి ఇంకేదైనా చెప్పు. నాన్న ఏదో కలవరించారని చెప్పు, డాక్టరుతో చెప్పించు. నన్ను తలచుకుని తిట్టుకో, కానీ ఆవిడకి తెలియనివ్వకు. ఈ ఉత్తరం ముందే అందితే బాగుండు.

తమ్ముడు


మే 25

చిన్నోడా,

అందలేదు. నీ రెండో ఉత్తరం వచ్చేసరికి పెట్టె బిగించి రెండు రోజులైంది. కళ్ళజోడు మేస్త్రి బిగిస్తూ పెట్టె అంచులు వేలితో తడిమి, "ఇది డబ్బుకి చేసిన పని కాదమ్మా" అన్నాడు. అప్పటికి నీ ఉత్తరం చదివేసి ఉన్నాను.

మొదట ఒక్కదాన్నే విన్నాను. ల్యాబు వెనక గోడ పక్కన, మధ్యాహ్నం, అద్దాలన్నీ ఎత్తుకుని. అమ్మని రిసెప్షనులో కూర్చోబెట్టాను. నాన్న మొదటి మాట పలకగానే వీపులో తెలిసింది. నా వెనక నిలబడి మాట్లాడితే ఎలా ఉండేదో అలా. కాసేపు దాన్నే విన్నాను, తర్వాతది రానీకుండా. తర్వాతది వచ్చింది. ఎక్కడో దూరంగా, ఎవరో మెత్తటి నేల మీద రోకటితో దంచుతున్నట్టు. ఒక్కో దెబ్బా దగ్గరవుతోంది. నాన్న చదువు తడబడింది. చప్పుడు ఆగింది. "వచ్చాడు." ఇన్నాళ్ళూ ఆ మాట చల్లగా, గోడతో అన్నట్టు వినిపించేది. కాదురా. ఆ మాటలో సంతోషం ఉంది. కిందది లేక మాకు వినపడలేదు. ఆ తర్వాత పేజీ. ఆ తర్వాత ఇంజను చప్పుడు, దూరమైపోవడం. వాక్యం మధ్యలో ఆగి ఎంతసేపు ఎదురుచూశారో తెలుసా? నలభై సెకన్లు. అప్పుడు "సరే".

నీ గొంతు పట్టుకుని నలిపెయ్యాలనిపించింది. అబద్ధం చెప్పను. నా గొంతు కూడా. రెండేళ్ళ కిందటి ఆ నాటకం నాదే కదా. అది ఆడకపోయి ఉంటే నువ్వు గేటు తీసేవాడివి.

మూడు రోజులు అమ్మకి చెప్పలేదు. నాలుగో రోజు పక్కవీధి మందుల షాపు ముందు ఆపితే, అద్దంలోంచి వెనక్కి చూస్తూ, "ఇవాళ మళ్ళీ వెనకే వస్తున్నాడు" అంది. ఇక నావల్ల కాలేదు. కారు పక్కకి తీసి చెప్పేశాను. వచ్చింది ఎవరో కాదు, నీ కొడుకు అని. మొత్తం చెప్పాను, లాడ్జితో సహా. "పెట్టు" అంది అమ్మ.

విన్నంతసేపూ డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. అయ్యాక అడిగింది, "గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా పోయాడా?"

"నాన్న గొంతు విని, బాగానే ఉన్నారనుకున్నాడమ్మా."

"అంత గట్టిగా చదవకుండా ఉండాల్సింది ఆయన" అంది. "నీరసంగా చదివితే లోపలికొచ్చేవాడు. కొడుకు వింటున్నాడని గొప్ప." అప్పుడు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

గది తాళం తీసేసింది. మాత్ర వేసుకుంటోంది, అన్నం పర్లేదు. ఇల్లు ఖాళీ మాట ఎత్తడం లేదు. భయం పోయిందా అంటే పోయింది. కానీ కుదుటపడిందా అంటే ఏం చెప్పను? ఇంట్లో ఉన్నప్పుడు ఆ కిటికీ పక్కనే కుర్చీ వేసుకుంటోంది. వీధిలో ఏ కుర్రాడి కారో గుద్దుకుంటూ పోతే తల ఎత్తి, పోయేదాకా వింటుంది. కారెక్కితే రోజూ ఆ పాఠమే. నాన్న కోసం కాదు, ఆ దూరపు చప్పుడు దగ్గరికి రావడం కోసం. నాన్న పేజీ అయిపోగానే నా చెయ్యి పట్టుకుంటుంది. ఆపెయ్యమని. ఇంజను స్టార్టవక ముందే. ఒక్కరోజు కూడా "సరే" దాకా రానివ్వలేదు. అంతవరకు వింటే, నువ్వింకా కిటికీ కిందే ఉన్నట్టు. నేను కూడా అలవాటు పడిపోయాను. నిన్న ఒక్కదాన్నే వెళ్తూ అక్కడే ఆపేశాను.

నీ మీద కోపం ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు. అయినా నువ్వు అన్నం మానేస్తే నాకు ఇంకో మనిషి బెంగ, అంత ఓపిక లేదు. తిను.

కింద అమ్మ తన చేత్తో రాస్తానంటోంది. కళ్ళజోడు దొరకలేదు, అక్షరాలు గీత దాటతాయి.

అక్క

నాయనా

పెట్టె బాగుంది. చోటు తినలేదు. నీ మీద కోపం లేదని రాయమంటుందేమో అక్క అని, దాని మాట వినకుండా నేనే రాస్తున్నాను. కోపం ఉంది. ఉత్తరంలో పట్టేంత కాదు. తిట్టాలి నిన్ను, ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పూటంతా. మోకాళ్ళతో నేను రాలేను. బయల్దేరి రా, తిట్టించుకుని పో.

అమ్మ